పిట్ట గడియారం ఆర్డరు

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో బొగ్గుగని నన్నేమీ చెయ్యలేకపోయింది. గని పైకప్పుకే నా మీద పడాలంటే భయం. అలాంటి నన్ను గోదావరిఖని చౌరస్తాలో, ఫ్యాను కింద, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి నిలువునా ముంచింది ఒక గోడ గడియారం. పైకప్పు సంగతి కాస్త పెంచి చెప్పాను, ఒప్పుకుంటున్నాను. గడియారం సంగతి పెంచనక్కర్లేదు. అది దానంతటదే పెరిగింది.

రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు మాట. మా మల్లయ్య రిటైరవుతున్నాడు. ఆయన పైన హాలేజీ ఇంజను నడిపేవాడు. నేను లోపల సిగ్నల్ దగ్గర ఉండేవాణ్ణి. నేను బెల్లు కొడితే, ఆయన జవాబు బెల్లు కొట్టి బొగ్గు టబ్బులు లాగేవాడు. జవాబు రాలేదంటే పైన వినపడలేదని అర్థం. వచ్చేదాకా మళ్లీ కొట్టాలి. ఇరవై ఏళ్లు మేమిద్దరం నోటితో కన్నా బెల్లుతోనే ఎక్కువ మాట్లాడుకున్నాం. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా.

రిటైరయ్యే రోజు గని దగ్గర శాలువా కప్పి, షిఫ్టంతా కలిసి ఒక వస్తువు చేతిలో పెట్టి, డప్పులతో ఇంటిదాకా సాగనంపడం మా ఆనవాయితీ. ఆ వస్తువు తెచ్చే బాధ్యత నా నెత్తిన పడింది. పడిందంటే, నేనే వెళ్లి నెత్తి పెట్టాను.

"ఎప్పటి లెక్క స్టీలు బిందెనేనా కొమురన్నా?" అన్నారు తోటివాళ్లు.

"బిందె ఏందిరా! గంటగంటకు పిట్ట బయటికొచ్చి కూసే గడియారం తెప్పిస్త. నెట్ల దొరుకుతది. ఒక్క బటన్ నొక్కుడే!"

అప్పటికి కంప్యూటర్‌ను బ్యాంకు కౌంటరు అవతల నుంచి తప్ప నేను చూసి ఎరుగను. కానీ మాట బయటికి వచ్చేసింది. నెలాఖరుకు గడియారం రాకపోతే మల్లయ్య వట్టి చేతులతో ఇంటికి పోతాడు. నేనేమో ఏ షిఫ్టులోనూ తలెత్తుకోలేను.

శుక్రవారం మధ్యాహ్నం ఖాజా భాయ్ నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఆయన సైటు తెరిచాడు. తెరిచాడంటే, తెరుచుకోమని దాన్ని బతిమాలడం మొదలుపెట్టాడు. పెళ్లిలో అడ్డుతెర దించినట్టు బొమ్మ పైనుంచి కొద్దికొద్దిగా దిగింది. మొదటి చాయ్‌కి గడియారం కప్పు కనిపించింది. రెండో చాయ్‌కి పిట్ట గూడు. పిట్ట కాళ్లు వచ్చేసరికి నాకు మళ్లీ ఆకలేసింది.

"ఇంత మెల్లగ ఏంది భాయ్?"

"సైటే గట్ల ఉంటది అన్నా. జర సబర్ చెయ్."

తర్వాత పుట్టిన తేదీ అడిగింది. అంకెలు వెయ్యనివ్వదు. క్యాలెండరు చూపించి బాణం నొక్కమంది. ఒక్క నొక్కుకు ఒక్క నెల వెనక్కి! నొక్కుతూ నొక్కుతూ బిడ్డ పెళ్లి దాటాను. నా పెళ్లి దాటాను. అక్కడ మాత్రం ఒక్క క్షణం ఆగి, వేరే దారి ఉందా అని చూసుకున్నాను. చివరికి మా అమ్మ పురిటి మంచం దాకా చేరుకునేసరికి "సమయం ముగిసింది, మళ్లీ మొదటినుంచి రండి" అంది.

రెండోసారి పుట్టి వచ్చాక అపార్ట్‌మెంటు పేరు అడిగింది.

"కంపెనీ క్వార్టరుకు పేరేంది భాయ్?"

"ఏదో ఒకటి రాయి. లేకుంటే ముందుకు పోనియ్యది."

మా ఆవిడ పేరు పెట్టి 'రాజేశ్వరి అపార్ట్‌మెంట్స్' అని రాయించాను. ఆ రోజు మా రెండు గదుల క్వార్టరు పొందిన గౌరవం ముందూ లేదు, తర్వాతా లేదు.

"ఇగ ఆఖరి బటన్ నొక్కు" అన్నాడు ఖాజా భాయ్. నొక్కాను. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది.

"నేను నమాజుకు పోయొస్త. గా చక్రం ఆగేదాక ఏం ముట్టకు."

ఆయన వెళ్లాడు. చక్రం తిరుగుతూనే ఉంది. మీరే చెప్పండి, బెల్లు కొట్టాను, జవాబు రాలేదు, మరి ఏం చెయ్యాలి? పద్ధతి తెలిసినవాణ్ణి కనుక మళ్లీ నొక్కాను. కాసేపు ఆగాను. మళ్లీ నొక్కాను. అవతల మల్లయ్యలాంటి మనిషి ఎవరో కునుకు తీస్తున్నాడనుకుని ఓపిగ్గా నొక్కుతూ పోయాను. చివరికి 'ధన్యవాదాలు' అని వచ్చింది.

"ఏం ముట్టలేదు గద?" అన్నాడు తిరిగొచ్చిన ఖాజా భాయ్.

"ఛ! నేనెందుకు ముడ్త?"

ఇంటికి వచ్చేసరికి ఫోన్లో 'ధన్యవాదాలు' మెసేజ్‌ల వరస.

"సూసినవా రాజేశ్వరీ, ఎంత మర్యాదస్తులో! ఒక్క గడియారానికి ఎన్నిసార్లు దండం పెడ్తున్నరో."

"నీకు గన్ని దండాలు ఎవరు పెట్టరు. ఏదో తేడా ఉన్నది, జర సూస్కో" అంది మా ఆవిడ. నేను చూసుకోలేదు.

నెలాఖరు వచ్చింది. గని దగ్గర మల్లయ్య మెడలో దండలు పడుతుండగా, లారీ నిండా గడియారాలు దిగాయి. సరే, లారీ కాదు, ఆటో. ఇరవై డబ్బాలు... పోనీ, పదిహేను. ఇది మా ఆవిడ చదువుతుంది కనుక నిజం రాస్తున్నాను: ఏడు.

"కొమురయ్య సార్ ఎవరు? ఇంటికాడ అమ్మ ఈడికి పొమ్మన్నది. ఏడు డబ్బాలకు పైసలు కట్టి సంతకం చెయ్యాలె" అన్నాడు కొరియర్ మనిషి.

మల్లయ్య దండల్లోంచి తల బయటికి పెట్టాడు. "నాకు ఏడెందుకు బావా? మా ఇంట్ల గోడలే నాలుగు!"

షిఫ్టంతా నన్నే చూస్తోంది. తప్పయిందంటే ఆరు డబ్బాలు వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయేవి. కానీ ఆ ముక్క నా గొంతు దాటి వస్తే కదా!

"నీకు ఒక్కటే బావా! మిగతా ఆరు మన షిఫ్టుల ఇగ దిగిపోయేటోళ్లకు. అందరికి ముందుగాల్నే తెప్పించిన!"

చప్పట్లే చప్పట్లు. నా ముందుచూపు గురించి పెద్దసారు మైకులో కూడా మాట్లాడాడు. ఆరింటి డబ్బు నా జేబులోంచి పోయింది, ఆరు డబ్బాలు మా మంచం కిందికి చేరాయి.

"మంచం కింద పిట్టలను పెట్టినవ్. గుడ్లు పెడ్తయేమో, రోజు వంగి సూడు" అనేది రాజేశ్వరి.

ఆపైన మా షిఫ్టులో ఎవరు రిటైరైనా పిట్ట గడియారమే. తర్వాత ఎక్కడైనా కలిస్తే "పిట్ట ఎట్లున్నది?" అని అడిగేవాణ్ణి. "మస్తు కూస్తున్నది అన్నా!" అనేవారు. నా ఛాతీ ఇంకో అంగుళం ఉబ్బేది.

రాష్ట్రం వచ్చిన ఏడాది నా వంతు వచ్చింది. మంచం కింద మిగిలిన ఒకే ఒక్క డబ్బాను షిఫ్టు తరఫున మల్లయ్యే వచ్చి నా చేతిలో పెట్టాడు. సాయంత్రం గోడకు తగిలించి ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. ఆరు కొట్టింది. తలుపు తెరుచుకుంది. పిట్ట సగం బయటికి వచ్చి, కిర్రుమని మూలిగి, అక్కడే ఇరుక్కుంది.

"నాదొక్కటే పాడైనట్టున్నది బావా" అన్నాను.

"నాది మొదటి వారమే ఆగింది. అందరియి గంతే."

"మరి ఒక్కడన్న చెప్పలేదేంది?"

"ఎట్ల చెప్తం బావా? చెప్తే మంచియి తెప్పిస్త అని మల్ల నెట్ల కూసుంటవని షిఫ్టంత భయపడ్డది."

కాబట్టి నేను, కొమురయ్య అనే రిటైర్డు సిగ్నల్ మనిషిని, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ సైటులోనూ ఏ బటనూ రెండోసారి నొక్కను. చక్రం తిరిగినంతసేపు చేతులు కట్టుకుని కూర్చుంటాను. మొదటిసారి నొక్కడానికి కూడా రాజేశ్వరి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాను. అనుమతి కోసం పోయిన నెలలో ఒక దరఖాస్తు పెట్టాను. చూస్తాలే అంది.