పథ్యం కప్పిపెట్టిన జబ్బు

కృష్ణా జిల్లా రెండుగా విడిపోవడానికి ముందు ఏడాది నన్ను గుడివాడ నుంచి బందరులోని ఒక ఆసుపత్రికి సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. ఆ వానాకాలంలో దివిసీమ నుంచి నాంచారమ్మ అనే చేపలమ్మే ఆవిడ వచ్చింది. బాగా చిక్కిపోయింది. మూత్రం పాలలా పోతోందని చెప్పింది.

నేనిచ్చిన డబ్బాలో పట్టి తెచ్చింది మాత్రం నీళ్ళలా ఉంది. అందులో ప్రోటీను ఎక్కువగా పోతోంది. రిజిస్టరులో ‘రంగు: తేట’ అని రాశాను. రెండోసారీ అంతే. మూడోసారి ఇంటి దగ్గర తెల్లగా పోయినప్పుడే టానిక్కు సీసాలో పట్టి తెచ్చింది. బయటి సీసాలు తీసుకోకూడదన్నది ల్యాబు నియమం. మూత తీయకుండానే పారేయించాను. “పాలు పోసి తెచ్చావేంటమ్మా?” అని ఎకసెక్కం కూడా ఆడాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా రిపోర్టులు చూసి డాక్టరుగారు కిడ్నీ వడపోతే దెబ్బతిందనుకున్నారు. సూది దింపి కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలని విజయవాడకు రాశారు. “ఉన్న కిడ్నీ కాస్తా పోద్దేమోనండీ” అని ఆవిడ బావురుమంది.

వెళ్ళేముందు చివరి పరీక్షకు పెడనలో ఆడపడుచు కూతురి పెళ్ళి భోజనం చేసి తిన్నగా వచ్చింది. ఈసారి డబ్బా ఎత్తి చూశాను. చిక్కటి పాలే! ఈథర్ కలిపి ఊపితే కొవ్వు కరిగి తేటపడింది. పరుగున డాక్టరుగారికి చూపించాను.

కిడ్నీలో రక్తనాళాలతోపాటు లింఫు నాళాలూ ఉంటాయి. కణజాలంలో మిగిలిన నీటిని, ప్రోటీన్లను అవి తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పైన దారి మూసేస్తే, పేగుల నుంచి కొవ్వు మోసుకొచ్చే లింఫు వెనక్కి తన్నుతుంది. కిడ్నీలోని నాళాలు చిట్లి అది మూత్రంలో కలుస్తుంది.

ముందు తేటగా ఎందుకుందో అడిగితే తెలిసింది. ఆసుపత్రికి రావాలంటే రెండు రోజుల ముందు నుంచే నూనె చుక్క ముట్టకుండా చారన్నంతో పథ్యం చేసి, పరగడుపున బస్సెక్కేది. ఆసుపత్రికి వెళ్ళాలంటే మా అమ్మా అలాగే చేసేది. కొవ్వు తినకపోతే తెలుపు రాదు, ప్రోటీను మాత్రం పోతూనే ఉంటుంది.

విజయవాడ ప్రయాణం ఆగిపోయింది. ఫైలేరియా మందులు మొదలుపెట్టి, నూనె లేని తిండే తినమన్నారు.

“ఇన్నాళ్ళూ చెప్తే నమ్మలేదు. పెళ్ళిభోజనం తిని రావాల్సొచ్చిందండీ” అంది నాంచారమ్మ.

నేను రిజిస్టరులో రాసినవన్నీ నిజాలే. వాటిని నమ్మబట్టే ఆమె కిడ్నీలో సూది దింపబోయారు. రిటైరయ్యేదాకా రంగు రాసే ముందు, రోగి ఏం తిన్నదీ, ఇంట్లో ఏం చూసిందీ అడిగి రాశాను.