జీపు సావుకారు స్టీరింగు

"మొన్న కొండ మలుపులో నా కాలు గాల్లో ఉండిపోనాదండీ! కింద లోయ! ఇంకొంచెం జరిగుంటే ఈపాటికి నా పేరన బూరెలు తిందురు!"

"ఒసే, అరవకే. జరిగింది బండి. నువ్వెక్కడికి జరిగేవు?"

"ఇవాళ ఆ స్టీరింగు బాగుసేయించకపోతే నేను కొండెక్కను. ఇకమీదట తోలితే పింకీయే తోలుతాది."

"పింకీ ఎందుకు తోలుతాదే? నేను సచ్చేనేటి?"

సాలూరులో మా మావ మెకానిక్ షెడ్డుకి లారీలే ఎక్కువొస్తాయి. ఒక లారీ కింద పడుకుని నేను విన్న మొగుడూపెళ్లాల గొడవ ఇది. మొగుడు కిరాణా కొట్టు నగరేశ్వరరావు, పెళ్లాం భాగ్యవతి గారు. జీపులోంచి దిగకుండానే దెబ్బలాడుకుంటున్నారు. వెనక సీట్లో కూతురు పింకీ ఫోన్ చూసుకుంటోంది, ఈ పాట రోజూ వినేదే అన్నట్టు.

నగరేశ్వరరావు వారానికోసారి కొండమీద సంతకి ఉప్పూ నూనే సబ్బులూ ఎక్కించుకెళ్తాడు. దిగేటప్పుడు చింతపండు, చీపుర్లు. బండి వాళ్ల నాన్న కొన్న ఫోర్ వీల్ జీపు. సంతలో అందరూ ఈయన్ని 'జీపు సావుకారు' అంటారు. ఆ పిలుపు కోసమే బతుకుతున్నాడు మనిషి. కొట్లో తక్కెడ పట్టుకుంటే అందరిలాంటి కోమటి, జీపు సీటెక్కితే మహారాజు. బానెట్ మీద కుంకం బొట్లు, అద్దానికి నిమ్మకాయలు, దసరాకి చక్రాలకి పసుపు. బొట్టు పెట్టడానికి ఎంతైనా వంగుతాడు గానీ, బండి కిందకి తొంగి చూసిన పాపాన పోడు.

ఆ స్టీరింగులో ఎంత ఆట ఉందంటే, పావు చుట్టు తిప్పినా చక్రానికి కబురందదు. సిగ్గుపడాల్సిన సంగతి. ఈయన దాన్నే విద్య చేసుకున్నాడు. "దీన్ని తోలాలంటే సెయ్యి ఉండాలి. మలుపు రాకముందే తిప్పీయాలి. అదెప్పుడు పలుకుతాదా అని సూడాలి. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు" అని టీ కొట్టు దగ్గర కోతలు. పింకీ విజయనగరంలో కారు నేర్చుకుంది, లైసెన్సూ ఉంది. ఓసారి ఈ జీపు తోలబోతే తాగినోడి నడకలా అటూ ఇటూ పోయింది. ఆ ముచ్చట బజారంతా చెప్పుకుని నవ్వాడు కన్నతండ్రి. అరిగిపోయిన ఇనుమే ఈయన సీటుకి కాపలా.

భాగ్యవతి గారు ఆయన్నొదిలేసి నాతో మాట్లాడారు. "కొత్త సామానెయ్యి బాబూ. తరవాత ఎవరు తోలుతారో సూద్దాం."

"సూద్దాం" అన్నాడు సావుకారు, మీసం కింద నవ్వుతూ.

పింకీ పైన స్టీరింగు ఆడిస్తుంటే, నేను కింద చక్రాన్ని తిప్పే రాడ్డు పట్టుకున్నాను. దాని చివర కీలు గుండు ఊడబోయే పన్నులా కదులుతోంది. దాని చుట్టూ గుడ్డ పేలిక, పైన పురికొస.

"ఇదెవరి వైద్యం సావుకారూ?"

"నాదేరా. టకటకమని సప్పుడొస్తంటే కట్టేను. మళ్ళీ పలికితే ఒట్టు."

చప్పుడు పోతే రోగం పోయినట్టే ఈయన లెక్క. పెళ్లాం లోయలో పడ్డా ఫరవాలేదు, బండి మాత్రం నలుగురిలో చప్పుడు చెయ్యకూడదు.

పిన్ను లాగి, నట్టు వదులు చేసి, పక్కనుంచి సుత్తితో ఒక్కటిచ్చాను. గుండు ఊడి పడింది. రాడ్డుకి రెండు చివర్లా కొత్త గుండ్లు ఎక్కించాను, రెండు చక్రాల్నీ కలిపే అడ్డ రాడ్డు గుండ్లూ మార్చాను. దారం లాగి పట్టి చక్రాలు ఒకే వరసకి సరిచేశాను. ఆట లేదిక.

"గట్టిగా పట్టుకుంటాది సావుకారూ. కొంచెం తిప్పితే సాలు."

"కాలేజీ సదువే దాటలేకపోయేవు, నాకు తోలడం నేర్పుతన్నావేట్రా?"

సరే అని పక్కకి తప్పుకున్నాను, ఆయనొక్కడే బండెక్కాడు. షెడ్డు గేటు దగ్గర, రోడ్డు ఇంకా రాకముందే, అలవాటు ప్రకారం పావు చుట్టు తిప్పేశాడు మహారాజు. జీపు ఈసారి చెప్పిన వెంటనే విన్నది. ముందు చక్రం పోయి కాలవలో కూర్చుంది. టీ కొట్టు జనం లేచి నిలబడి మరీ నవ్వారు.

"బండినేటి సేసేవురా? తిప్పకముందే తిరిగిపోతన్నాది!"

"తిప్పేరు కాబట్టే తిరిగింది."

ఆయన దిగాడు. పింకీ ఎక్కింది. ఫోర్ వీల్ గేరేసి, వెనక్కి లాగి, కాలవలోంచి తీసింది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు చివరిదాకా పోయి తిరిగొచ్చింది, ఎక్కడా వంకర లేదు. దిగుతూ భాగ్యవతి గారన్నారు: "ఈ వారం సంతకి మేమిద్దరం ఎల్తాం. మీరు కొట్లో కూకోండి." కోపంగా కూడా అనలేదు. ఉప్పు బస్తా ఎక్కడ దించాలో చెప్పినట్టు అన్నారు.

తల్లీకూతుళ్లు సోడా తాగడానికి రోడ్డు దాటారు. నేను డీజిల్‌తో చేతులు కడుక్కుంటున్నాను. సావుకారు షెడ్డు వెనక్కొచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను, నోట్లో జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. ఆయన తిట్టలేదు. రోడ్డు వైపు ఓసారి చూసి నా దగ్గరికి జరిగాడు. ఆయన నోట 'ఒరే' తప్ప విననోణ్ని నేను.

"బాబూ, ఆళ్లకి తెలీకుండా కొంచెం వదులు సెయ్యి. పాతంత వద్దులే, సగం సాలు. నా సేతికొక్కదానికే పలికేలాగ సెయ్యి."