మూడో పిలుపుకు పలికిన గొంతు

పదో తరగతితో నా చదువు ఆగింది గానీ పుస్తకాలు ఆగలేదు. పుత్తూరులో మా వీధి చివరి గ్రంథాలయంలో ఒక్కో బీరువా పూర్తి చేసుకుంటూ వచ్చినదాన్ని నేను. కథలు అయ్యాక సైన్సు, దాని తర్వాత మనస్తత్వ శాస్త్రం. భయపడిన మనిషి మెదడు లేనివాటిని ఎలా చూస్తుందో, ఎలా వింటుందో ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను.

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే వెళ్ళి, అది మూర్ఛ, ఆసుపత్రికి తీసుకుపొండి అని చెప్పేదాన్ని. మిద్దె మీద ఎవరో తిరుగుతున్నారని ఎదురింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేయబోతే, నిచ్చెన వేసుకుని ఎక్కి, వదులై గాలికి కొట్టుకుంటున్న రేకును చూపించాను. "లైబ్రరీయమ్మ వచ్చింది, దయ్యమా, ఇంక నువ్వు మూటాముల్లె సర్దుకో" అని నవ్వేవాళ్ళు. ఆ ఎగతాళి నాకు బాగానే ఉండేది.

ఇప్పుడు రాయబోయే దానికి మాత్రం నేను ఏ రేకునూ చూపించలేను. అందుకే ఇన్నేళ్ళూ రాయలేదు.

తొంభైల నడిమి సంవత్సరాలు. మా నాయన చిత్తూరులో మామిడికాయల మండీలో పని చేసేవాడు. వేసవిలో ఆయనకు ఇంటికి రావడానికి కూడా తీరిక ఉండేది కాదు. అందుకని బడి మూయగానే అమ్మను, నన్ను, మా చెల్లెలు మణిని కార్వేటినగరం దగ్గర మా అవ్వగారి పల్లెకు పంపించేవాడు. నాకప్పుడు పదమూడేళ్ళు, మణికి ఆరు.

ఆ వేసవుల గురించి తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో మామిడి జీడి, ఆ సొన ఘాటు తగులుతుంది. మా మామ గుత్తకు తీసుకున్న మామిడితోట ఊరికి కొంచెం ఎడంగా ఉండేది. బేనీషా చెట్లు, తోతాపురి చెట్లు. తోట దాటితే ఎండిపోయిన వంక, వంక దాటితే గుట్ట. పొద్దున సద్ది తాగి పోతే ఆకలికి తప్ప ఇంటికి వచ్చేవాళ్ళం కాదు. కోతికొమ్మచ్చి, ఏడు పెంకులాట, వంక ఇసుకలో గుంతలు తవ్వి ఊట నీళ్ళు ఎవరికి ముందు పడతాయో పందెం. కాళ్ళు కాలుతుంటే ఒక చెట్టు నీడ నుంచి ఇంకో చెట్టు నీడకు ఎగిరి దూకేవాళ్ళం. చెప్పులు వేసుకున్నవాళ్ళను వెక్కిరించేవాళ్ళం.

అవ్వ దేనికీ అడ్డు చెప్పేది కాదు. ఒక్క కట్టడి మాత్రం ఉండేది. మిట్టమధ్యాహ్నం తోటలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. "మూడు తూర్లు పిలిస్తేనే పలకల్ల. మూడో తూరి పిలిసేది దానికి సేతగాదు. మనిసే పిలస్తాడు" అనేది. "అది" అంటే ఏమిటో చెప్పేది కాదు. మామ మాత్రం అవ్వను ఆటపట్టించేవాడు: "మా అమ్మ నాకు అప్పు ఇచ్చినోళ్ళకు గూడా ఇదే సెప్పింటే బాగుండు, మూడు తూర్లు పిలిసేదాకా పలికేవాణ్ణే కాదు."

పిల్లలం ఆ కట్టడిని దాగుడుమూతల్లోకి తెచ్చుకున్నాం. వెతికే దొంగ ఓడిపోతే ఒకచోట నిలబడి, దాక్కున్నవాళ్ళ పేరును మూడుసార్లు పిలవాలి. అప్పుడే వాళ్ళు బయటికి రావాలి. ఒక్కసారి పిలిచి పలికించుకుంటే అది మోసం. ఈ నియమాన్ని మణి అందరికంటే గట్టిగా పట్టుకునేది. పక్కనే పొదలో ఉండి కూడా రెండో పిలుపుకు కదిలేది కాదు. ఆరేళ్ళ పిల్లకు గెలుపంటే అంత పిచ్చి.

ఆ రోజు మామ కొడుకు సుధాకర్ దొంగ. నేను తోతాపురి చెట్టు ఎక్కాను, త్వరగానే దొరికిపోయాను. తక్కిన పిల్లలూ దొరికారు. మణి దొరకలేదు. సుధాకర్ ఒకసారి పిలిచాడు. ఆకలేస్తోందని, అదే వస్తుందిలే అని ఇంటికి పోయాడు. మేమూ పోయాం. చాలాసార్లు అలాగే జరిగేది, కాసేపటికి మణి మూతి ముడుచుకుని వచ్చేది.

అన్నాలు తిన్నాం. మణి రాలేదు.

అమ్మ వాకిట్లోకి వచ్చి పిలిచింది. తర్వాత తోటలోకి వెళ్ళి పిలిచింది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. ఆ మార్పును నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పిలుపు కాస్తా అరుపు అయిపోయింది. ఇళ్ళలో పడుకున్నవాళ్ళు లేచి వచ్చారు.

తోటలో బావి ఉంది. గట్టు లేని బావి. అందరి చూపూ దానివైపే పోయింది. ఎవరూ ఆ మాట అనలేదు. కాపలా మునస్వామి తోట అవతలి వైపు నుంచి వచ్చి, అమ్మ వినకుండా అడగబోయి, వినేలాగే అడిగాడు: "బాయిలో సూసినారా అప్పా?"

అమ్మ కింద కూలబడిపోయింది. మామ పంచె ఎగ్గట్టి బావిలో దూకాడు. మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. తేలిన ప్రతిసారీ అమ్మ ఆయన చేతుల వైపు చూసేది. ఆ చేతుల్లో ఏమీ ఉండకూడదని నేను పళ్ళు బిగించుకుని ఉన్నాను. చివరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఎగపోస్తూ, "లేదక్కా. లేదు. బాయిలో లేదు, నేను సెప్తా ఉండా గదా" అన్నాడు. ఆ మాటకు అమ్మ గట్టిగా ఏడ్చింది. బావిలో లేదంటే సంతోషించాలి కదా. కానీ మరి ఎక్కడుందో తెలియదు.

ఎండ పడమటికి దిగింది. అందరూ తలో దిక్కు పరుగెత్తారు. చెరుకు మడి, పాత కొట్టం, రోడ్డు మీద బస్సు ఆగే చోటు. ప్రతి ఒక్కరూ పరుగెడుతూ ఒక్కసారి పిలిచేవాళ్ళు, బదులు రాకపోతే ముందుకు పోయేవాళ్ళు. "మణీ!" అని ఇక్కడ ఒకరు, "పాపా!" అని అక్కడ ఒకరు. అవ్వ వంక ఒడ్డున నిలబడలేక ఒక రాయి మీద కూర్చుని ఉంది. ఆమె గొంతులో శబ్దం పోయింది, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

నాకు తట్టింది అప్పుడే. ఎవరూ ఒకచోట నిలబడి మూడుసార్లు పిలవలేదు. కట్టడి పెట్టిన అవ్వ కూడా.

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. "మూడు తూర్లు పిలవల్ల అమ్మా. లేకుంటే అది పలకదు. ఆట అనుకుంటా ఉండాది." మామ నన్ను తోసేయబోయాడు. మళ్ళీ ఏమనుకున్నాడో ఆగాడు. అందరినీ నోరు మూసుకోమన్నాను. పదమూడేళ్ళ పిల్ల మాట విని అంతమంది పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టారు. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి విన్నారు.

పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను.

"ఈడుండానక్కా!"

మణి గొంతే. ఏడుపు లేదు, నొప్పి లేదు. ఆటలో గెలిచినప్పుడు పలికే గొంతు. ఊరి వైపు నుంచి కాదు, వంక అవతల గుట్ట మీది నుంచి వచ్చింది. మునస్వామి మాకంటే ముందు అటు తిరిగాడు. ఆయనకు మా మణి గొంతు సరిగా తెలియదు కూడా.

పరుగెత్తాం. గుట్ట ఎక్కాక దారి తెలియలేదు. అన్నీ బండలు, ముళ్ళకంప. మళ్ళీ నిలబడి మూడుసార్లు పిలిచాను. మూడోదానికి మళ్ళీ బదులు వచ్చింది, ఇంకా దగ్గరగా. మామ పెద్ద బండ ఎక్కి అంచు దాకా పోయి కిందికి చూశాడు. చూసి, వెంటనే దిగడం మొదలుపెట్టాడు.

మణి రెండు బండల మధ్య సందులో పడి ఉంది. ఈతకాయల కోసమో దాక్కోవడానికో బండ ఎక్కి జారింది. కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి ఉంది. మొహం మీద, గౌను మీద రక్తం నల్లగా ఎండిపోయి ఉంది. దవడ పక్కకు తిరిగి వేలాడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అయితే అవి మామను చూడటం లేదు, అమ్మను చూడటం లేదు. మామ నిలబడిన బండ అంచు మీదే ఉన్నాయి. ఆయన దిగిపోయాక కూడా అక్కడే ఉన్నాయి.

మా వైపు ఎముక విరిగితే పుత్తూరుకే పోతారు. ఎద్దులబండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఒక లారీలో పోయాం. కట్టు కట్టే పెద్దాయన దవడ మీద వేళ్ళు ఆనించి వెంటనే తీసేశాడు. చేతికి మాత్రం కట్టు కట్టి, "ఇది నా పని గాదమ్మా, తిరుపతికి ఎత్తుకోని పోండి" అన్నాడు. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది నేను నా చెవులతో విన్నాను. దవడ రెండుచోట్ల విరిగింది. పడినప్పుడు పళ్ళ మధ్య పడి నాలుక చాలావరకు తెగింది. నోటి నిండా గడ్డకట్టిన రక్తం. ఇదంతా మధ్యాహ్నమే జరిగి ఉండాలి అన్నారు.

అమ్మ అడిగింది: "సాయంత్రం మాట్లాడింది గదా సార్, మేమందరం విన్నాం."

మూలగడం విని ఉంటారమ్మా అన్నారాయన. మాట మాత్రం సాధ్యం కాదు, పెదవులు కలవవు, నాలుక కదలదు. అమ్మ మామ వైపు చూసింది. మామ గోడ వైపు చూశాడు.

మణి బతుకుతుందా లేదా అని ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు. నాయన చిత్తూరు నుంచి వచ్చి, మామిడి జీడి మరకల చొక్కాతోనే వరండాలో తిరుగుతూ ఉండిపోయాడు. మణి బతికింది. నాలుకకు కుట్లు వేశారు, దవడకు తీగలు కట్టారు. చాలా రోజులు గంజి, పాలు, పండ్లరసం. మాట లేదు. సైగలు.

తీగలు తీసిన తర్వాత, మాటలు ఇంకా ముద్దముద్దగా వస్తున్న రోజుల్లో, నేను జావ తాగిస్తుంటే తనంతట తనే చెప్పింది. మధ్యాహ్నం ఎవరెవరో పిలవడం వినిందట. ఒక్కోసారే పిలిచారు కాబట్టి మూడో పిలుపు కోసం కాచుకుందట. అప్పటికే నోరు కదలడం లేదు, అయినా పిలిస్తే ఎలాగైనా పలకాలనుకుందట.

"మళ్ళ నువ్వు మూడు తూర్లు పిలిసినావు. నేను పలికేలోపలే అది పలికింది."

ఎవరు అని అడిగాను.

"బండమింద కూర్సోని ఉండింది. నాకు కాళ్ళే కనపడినాయి. కాళ్ళు ఆడిస్తా ఉండింది. నా మాదిరే పలికింది." గిన్నెను పక్కకు తోసి ఏడవడం మొదలుపెట్టింది. "నన్ను ఈడనే ఇడిసిపెట్టి, దాన్ని ఎత్తుకోని పోతారేమో అనుకున్నా అక్కా."

తర్వాతి సంవత్సరాల్లో నేను చదివిన ప్రతి పుస్తకాన్నీ దీనికి పెట్టి చూశాను. తలకు దెబ్బ తగిలిన పిల్ల లేనిదాన్ని చూసి ఉండవచ్చు. ఆ కాళ్ళకు అది సరిపోతుంది. గొంతుకు సరిపోదు. బండల మధ్య ప్రతిధ్వని అనుకుందామంటే, ప్రతిధ్వని నా మాటనే తిరిగి ఇవ్వాలి. ఆశ కొద్దీ అందరం ఒకే భ్రమలో పడ్డాం అనుకుందామంటే, ఎవరికీ తెలియని చోటికి ఆ భ్రమ మమ్మల్ని ఎలా తీసుకుపోయింది? గుట్ట మీద ఎవరూ వెతకలేదు. అంత చిన్నపిల్ల ఒక్కతే అంత దూరం పోతుందని ఎవరికీ తోచలేదు. ఆ గొంతు లేకపోతే చీకటి పడేది, పొద్దున దొరికేది మా మణి కాదు.

అంతకుముందు ఆ గుట్ట మీద ఎవరి పిల్లయినా తప్పిపోయిందా అని అవ్వను అడిగాను. తనకు తెలిసి లేదంది. మునస్వామిని అడిగితే, "అయ్యన్నీ నీకెందుకు పాపా, మీ సెల్లెలు దొరికింది గదా" అన్నాడు.

మణికి పెళ్ళయింది, ఇప్పుడు చిత్తూరులో ఉంటోంది. మాట స్పష్టంగానే వస్తుంది, గడ్డం కింద ఒక మచ్చ మిగిలింది. ఈ సంగతి మా మధ్య చాలా ఏళ్ళు రాలేదు. ఈమధ్య నేనే కదిపాను. అది మనకు మేలే చేసింది కదా, ఇంకా ఎందుకు భయపడతావు అన్నాను.

భయం ఎప్పుడో పోయిందని చెప్పింది. మళ్ళీ అంది: "నువ్వు పిలిసింది నన్ను. పలికింది అది. ఎవరన్నా పిలిస్తే సాలని ఎన్నాళ్ళ నుంచి కాసుకోని ఉండిందో పాపం. మీరంతా పరిగెత్తుకోని వస్తాంటే దానికోసరమే అనుకోనుంటుంది."

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ సాయంత్రం మేము మణిని ఎత్తుకుని గుట్ట దిగుతున్నప్పుడు, వెనకనుంచి ఎవరైనా పిలిచారా లేదా అన్నది మాత్రం నాకు గుర్తు లేదు. అమ్మ ఏడుపు తప్ప నాకేమీ వినపడలేదు.