క్యోటోలో అత్త పెట్టిన రాయి

ఒకప్పుడు చక్రవర్తులు ఏలిన జపాన్ నగరం క్యోటోలో, టికెట్ కొని మా అత్తకు గుడిలోని రాళ్లతోట చూపించాను: చాళ్లలా గీతలు గీసిన తెల్ల కంకర, మధ్యమధ్యలో రాళ్లు.

"ఏందల్లుడూ, ఇది మన హనుమంతునిపాడు చేనే గదా! దున్ని ఇడిచిపెట్టినారు," అంది. నేను చరిత్ర మొదలుపెట్టేలోపే, అలవాటు కొద్దీ అంచున ఉన్న రాయి ఒకటి ఏరి పక్కన పడేసింది.

కాపలా పెద్దాయన పరుగున వచ్చాడు. ఇక మమ్మల్ని గెంటేస్తారనుకుని, "చేన్లో రాళ్లు ఏరే మనిషండీ" అని ఫోన్‌లో జపనీస్‌లోకి మార్చి చూపించాను. ఆయన చదివి, ఆ రాయిని రెండు చేతులా అత్తకు అందించాడు. ఆయన మాటను ఫోన్ తెలుగులో చెప్పింది: "మా నాన్న కూడా రైతే. ఎక్కడ పెట్టాలో ఆమెనే చూడమనండి."

జీవితమంతా రాళ్లు ఏరి పారేసిన అత్త, ఆ ఒక్కటి పెట్టడానికి చాలాసేపు ఆలోచించింది. పెట్టాక పెద్దాయన వంగి నమస్కరించాడు. నేను థాంక్స్‌కు మాటలు వెతుకుతుంటే, నడుము వంగడం లేదని రోజూ సణిగే అత్త ఆయనకంటే కిందికి వంగింది.