మాస్టారి మోకాళ్ళు

ఎలీయాజరు మాస్టారు ఎక్కడికి బయల్దేరినా కూర్చోవడానికే బయల్దేరినట్టుండేవారు. నాలుగడుగులు వేశారో లేదో, కళ్ళు అరుగు కోసమో బల్ల కోసమో వెతికేవి. దొరికిందా, మోకాలి మీద చెయ్యి వేసి, "అమ్మా, పట్టేసిందర్రా" అంటూ చతికిలబడేవారు. పెద్దాయన్ని నడిరోడ్డు మీద వదిలేసి పోలేక వెంట ఉన్నవాళ్ళూ కూర్చునేవారు. ఏలూరులో ఆయన కూర్చోని అరుగంటూ ఉంటే అది ఈ మధ్య కట్టిందై ఉండాలని అనుకునేవారు.

తాడేపల్లిగూడెం మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారాయన. అప్పట్లో ఆయన విజిల్ ఊదితే పిల్లలే కాదు, మైదానంలో మేస్తున్న గేదెలు కూడా వరసలో నిలబడేవట. అంతమందిని పరిగెత్తించిన పాపం ఊరికే పోతుందా, మోకాళ్ళకి చుట్టుకుంది అని ఆయన పాడే ఏలూరు చర్చి క్వయర్‌లో ఒక జోకు. దాన్ని ఆయన ఎదురుగానే వేసేవారు. ఆయన కాదనేవారు కాదు. "నిజమేనర్రా" అంటూ ఇంకాస్త సర్దుకుని కూర్చునేవారు.

ఒకసారి చర్చిలో ప్రేమవిందుకి ఉల్లిపాయలు కొనడానికి గూడెం హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళారు. మొదటి కొట్లోనే మాస్టారు ఉల్లిపాయల బస్తా ఎక్కి కూర్చున్నారు. ఎంతకీ లేవరు. తోడు వెళ్ళిన యాకోబు గారు కూడా పక్క బస్తా మీద కూలబడి ఆయాసం తీర్చుకున్నారు. వీళ్ళు కదలట్లేదంటే బేరం నచ్చలేదని కాబోలనుకుని, ఆ వ్యాపారి తనంతట తనే ధర దించుకుంటూ పోయాడు. యాకోబు గారు ఊపిరి కూడదీసుకుని లేచాక గానీ మాస్టారి మోకాలు నెమ్మదించలేదు. అప్పటికి ఉల్లిపాయలు మహా చవగ్గా వచ్చాయి.

మరోసారి క్రిస్మస్ ముందు మండవల్లి వైపు ఒక ఊళ్ళో పాటలు పాడటానికి వెళ్ళారు. చేపల చెరువుల మధ్య గట్టు మీద నడక. సగం దూరం వెళ్ళేసరికి మాస్టారు గట్టున కూర్చుని, గూడకొంగల్ని చూడాలన్నారు. వెనకబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నాక అందరూ చూశారు. కొంగలు వీళ్ళని చూసి చూసి విసిగి లేచిపోయాయి. మాస్టారు మాత్రం లేవలేదు. ఊళ్ళో వీళ్ళ కోసం వండిన కొరమేను పులుసు చల్లారిపోయింది.

ఈ మోకాళ్ళ వల్ల అందరికంటే ఎక్కువ బాధపడ్డవాడు ఆనంద్ పాల్. ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాడు. ముప్ఫై నిండలేదు. రెండువేల ఆరులో క్వయర్ కార్యదర్శి అయ్యాడు. అయిన నెలకే సికింద్రాబాదులో ఒక పెద్ద చర్చి పండగకి వచ్చి పాడమని పిలుపొచ్చింది. అందరినీ తీసుకెళ్ళి, బస చూపించి, ఆదివారం సమయానికి నిలబెట్టి పాడించే బాధ్యత అతని నెత్తిన పడింది.

అతని భయమల్లా హన్నమ్మ గారి గురించి. ఆవిడ రిటైరైన నర్సు. కొల్లేటి లంకల్లో పడవ దిగి, మోకాల్లోతు బురదలో నడిచి, ఇంటింటికీ టీకాలు వేసిన మనిషి. అరవై ఆరేళ్ళు దాటినా గొంతు చెక్కుచెదరలేదు. క్వయర్ మొత్తం ఆ కింది స్వరాన్ని పట్టుకునే నిలబడేది. కానీ ఈ మధ్య నడకలో తేడా వచ్చింది. ఈ ప్రయాణం ఆవిడకి కష్టమేమోనని ఎవరో అన్న మాట ఆవిడ చెవిన పడనే పడింది. "నా మీద జాలిపడే రోజు వస్తే ఆ రోజునుంచి పాడను" అని రిహార్సల్ మధ్యలో నింపాదిగా చెప్పి, తరవాతి చరణం ఎత్తుకుంది. మళ్ళీ ఎవ్వరూ ఆ ఊసెత్తలేదు.

ఎక్కడ దిగాలన్న విషయం మీద క్వయర్ రెండుగా చీలింది. జెస్సీ, దీవెన అనే ఇద్దరమ్మాయిలు ఆబిడ్స్ అన్నారు. బట్టల కొట్లన్నీ అక్కడే ఉన్నాయట. ఆనంద్ పాల్ నెట్ సెంటర్‌లో కూర్చుని అమీర్‌పేటలో ఒక హోటల్ వెతికాడు. ఫొటోలో పాలరాతి నేల, గాజు తలుపులు, మొక్కల కుండీలు మెరిసిపోతున్నాయి. దాన్ని ప్రింటు తీసి అందరికీ చూపించి మురిసిపోయాడు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో కుర్చీ కనపడదేం బాబూ?" అన్నారు. పోయి చూసొద్దామని తేల్చారు. కార్యదర్శి టిక్కెట్లు కొన్నాడు. ఇద్దరూ ముందుగా వెళ్ళారు.

అమీర్‌పేట హోటల్లో మాస్టారు గదులు చూడలేదు. వరండాలో సోఫా మీద కూర్చున్నారు. అది ఆయన్ని నడుము దాకా మింగేసింది. ఆనంద్ పాల్ ఒక చెయ్యీ, గుమస్తా ఒక చెయ్యీ పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. ఇందులో దిగినవాళ్ళు ఇంటికి రారని చెప్పి మాస్టారు బయటికి నడిచారు. పైగా చర్చికి రెండు బస్సులు మారాలి.

ఆబిడ్స్ హోటల్లో లిఫ్ట్ ఉంది. కానీ లిఫ్ట్ దాకా చేరడానికే బోలెడు మెట్లున్నాయి. మాస్టారు నడిమెట్టు మీద కూర్చుని, లిఫ్ట్ ఎక్కడానికి ఇంకో లిఫ్ట్ పెట్టించకూడదా అని మేనేజర్ని మర్యాదగా అడిగారు. మేనేజర్ కూడా మర్యాదగానే వేరే హోటల్ చూసుకోమన్నాడు.

మూడోది ఎవరూ చెప్పింది కాదు. సికింద్రాబాద్ స్టేషనుకి కాస్త పక్కగా, సందులో ఒక పాతకాలపు లాడ్జి. వెలిసిపోయిన పచ్చరంగు గోడలు. ఫ్యాను తిరుగుతుంటే ఎవరో వెనకనుంచి పిలుస్తున్నట్టు చప్పుడు. అయితే గదులన్నీ వాకిలి చుట్టూ కిందనే ఉన్నాయి. ముందు పొడుగాటి అరుగు. పక్కనే ఇడ్లీల హోటలు. చర్చి అదే రోడ్డు చివర ఉంది, మధ్యలో బస్‌స్టాపులో ఒక సిమెంటు బల్ల. మాస్టారు అరుగు మీద కూర్చున్నారు, మంచాల మీద కూర్చున్నారు, ఇడ్లీల హోటల్లో కూర్చున్నారు, చివరికి ఆ సిమెంటు బల్ల మీద బస్సులన్నిటినీ పోనిస్తూ చాలాసేపు కూర్చుని, ఇదే బాగుందన్నారు.

ఆనంద్ పాల్ పాలరాయి మీద ఆశ వదులుకున్నాడు. ఏలూరు తిరిగొచ్చి సంగతి చెబితే అమ్మాయిలు మూతులు ముడిచారు. మాస్టారి మోకాళ్ళ కోసం మనమంతా సందులో పడుకోవాలా అని సణిగారు. అప్పుడు హన్నమ్మ గారే కల్పించుకుంది. "పాపం, ఆయనకి మోకాళ్ళు కదర్రా. మనం సర్దుకోకపోతే ఎవరు సర్దుకుంటారు?" అంది. ఇంకొకరి మీద జాలిపడటం ఆవిడకి బాగానే ఉన్నట్టుంది. ప్రయాణానికి అందరికంటే ముందు పెట్టె సర్దుకుంది.

సికింద్రాబాదులో దిగి, శనివారం ఊరు చూద్దామని అందరూ బయల్దేరారు. మాస్టారు రానన్నారు. చర్చిలో కుర్చీలు ఎలా ఉన్నాయో చూడాలట. ఆయన లేకపోతే హాయిగా తిరగొచ్చని ఆనంద్ పాల్ లోలోపల సంతోషించాడు.

చార్మినార్ దగ్గర జనం. మాస్టారు లేరు కాబట్టి ఎవరికీ ఎక్కడా పట్టేయలేదు. గాజుల కొట్ల వెంట నడిచారు, ఇంకా నడిచారు. పొద్దున బస్సులో కూనిరాగం తీసిన హన్నమ్మ గారు క్రమంగా మాట మానేసింది. పెదాలు బిగించి అందరితో సమానంగా అడుగు వేస్తోంది. ఒక కొట్టు గోడకి చెయ్యి ఆనించి గాజులు చూస్తున్నట్టు నిలబడింది. అవి మగపిల్లల టోపీలని ఆనంద్ పాల్ గమనించాడు. కూర్చుందామా అని అడగబోయి, రిహార్సల్లో ఆవిడన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాడు. చివరికి ఆవిడే, మాస్టారు పాపం ఒక్కరే ఉంటారు, పోదాం పదండి అంది.

బస్సు దిగి లాడ్జికి అడ్డదారిన వస్తున్నారు. దారిలో ఒక ఆటస్థలం. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. వాళ్ళ మధ్య ప్యాంటు పైకి మడిచి, బనీను మీద ఒక పెద్దాయన బంతి వెనక పరిగెత్తుతున్నారు. ఒకడిని తప్పించారు, ఇంకొకడి కాళ్ళ సందునుంచి బంతి లాగేశారు, గాల్లోకి ఎగిరి తలతో కొట్టారు.

దీవెన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆయనే.

ఆనంద్ పాల్‌కి ఉల్లిపాయల బస్తాల పక్కన ఎవరు ఆయాసపడ్డారో, చెరువుగట్టు మీద వెనకబడి వస్తున్నదెవరో అప్పుడు తట్టింది. హన్నమ్మ గారి వైపు చూశాడు. ఆవిడ మొహం గంటు పెట్టుకుని గబగబా లాడ్జి వైపు నడిచింది.

అరుగు దగ్గర ఆనంద్ పాల్‌ని నిలదీసింది. "నీకు తెలుసా?" తెలియదని అతను ఒట్టేసినంత పని చేశాడు. "లంకలన్నీ నా కాళ్ళ మీదే తిరిగానయ్యా. ఇప్పుడు ఇంకొకరి మోకాళ్ళ మీద నడవాలా?" అంది. రాత్రి బండికే వెళ్ళిపోతానంది. ఆవిడ లేకపోతే రేపు పాట లేదు.

సరిగ్గా అప్పుడు మాస్టారు వచ్చారు. చొక్కా వేసుకున్నారు, తల దువ్వుకున్నారు. సందు మలుపు తిరిగి వీళ్ళని చూడగానే గోడ పట్టుకుని కుంటడం మొదలుపెట్టారు. అందరూ కన్నార్పకుండా చూస్తున్నారు. ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, "అమ్మా" అని అరుగు మీద కూలబడ్డారు.

"పాపం, బాగా నొప్పిగా ఉన్నట్టుంది" అంది హన్నమ్మ గారు.

"ఏం చెప్పమంటారండీ. కుర్చీలు చూసొచ్చేసరికి ప్రాణం పోయింది."

"గోల్ కొట్టారా?"

మాస్టారు మోకాలు రాసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. అబద్ధం ఆడటం తెలిసినా, ఆట విషయంలో ఆడలేని మనిషి.

"రెండండి" అన్నారు.

జెస్సీ పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. హన్నమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ళుగా ఈ నాటకం ఎందుకని అడిగింది.

"నాటకం ఏముందండీ" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "కూర్చోవడం నాకు నిజంగానే ఇష్టం. ఒక్కణ్ణే కూర్చుంటే తోచదు. అందుకని."

ఆవిడ లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రాత్రి బండి వేళకి మాత్రం పెట్టె బయటికి రాలేదు.

ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు అరుగు దిగింది. ఎవరితోనూ మాట్లాడలేదు. చర్చి వైపు బారులు తీరి నడిచారు. మాస్టారు వెనకాల చేతులు కట్టుకుని నిటారుగా వస్తున్నారు. దొరికిపోయిన మోకాళ్ళు ఇంక దేనికీ పనికిరావు. బస్‌స్టాపు దగ్గరికి వచ్చేసరికి హన్నమ్మ గారి అడుగు సన్నగిల్లింది. సిమెంటు బల్ల అక్కడే ఉంది. ఆవిడ దానివైపు చూడలేదు. మాస్టారు చూశారు గానీ తల దించుకున్నారు.

ఆనంద్ పాల్ ఆగిపోయాడు. ఏం చేస్తున్నాడో అతనికే తెలియకుండా వంగి మోకాలు పట్టుకున్నాడు.

"కాస్త ఆగుదామండీ. పట్టేసింది" అన్నాడు.

హన్నమ్మ గారు వెనక్కి తిరిగి అతన్ని పైనుంచి కిందికి చూసింది. ముప్ఫై నిండని కుర్రాడు.

"ఏ కాలు?"

"కుడిదండి."

ఆవిడ ఆ కాలునీ, బల్లనీ, దూరంగా కనపడుతున్న చర్చినీ చూసింది. మొదటిసారి ఆవిడ పెదాల చివర బిగింపు వదిలింది. "సరే, కుర్రాడు ఇబ్బంది పడుతున్నాడు. కూర్చుందాం" అని బల్ల మీద కూర్చుంది. పట్టినవాళ్ళు బల్ల మీద, పట్టనివాళ్ళు రోడ్డంచున కూర్చున్నారు. అటుగా వచ్చిన బస్సు అంతమందిని చూసి ఆశగా ఆగింది. కండక్టర్ తల బయటపెట్టి ఎక్కమన్నాడు. ఊరికే కూర్చున్నామని అందరూ కలిసి చెబితే, అతను విచిత్రంగా చూసి విజిల్ ఊదాడు.

ఆ రోజు హన్నమ్మ గారి గొంతు ఎలా పలికిందో ఏలూరులో చాలాకాలం చెప్పుకున్నారు. పాటయ్యాక ఆ చర్చి పాస్టరు గారు మళ్ళీ ఏడాది కూడా రమ్మన్నారు. ఆవిడ అందరి తరపునా మాటిచ్చేసి, ఆ లాడ్జే బాగుంటుందని కూడా చెప్పింది.

తిరిగి వస్తుంటే బస్‌స్టాపు దగ్గర ఆవిడే ఆగి, "ఏమయ్యా, నీ నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది. ఇంకా తగ్గలేదన్నాడు ఆనంద్ పాల్. అయితే కూర్చో, సిగ్గెందుకు అని ఆవిడ అతని పక్కన చోటు చూసుకుంది. తీరిగ్గా కూర్చుని, లేచి, ఆవిడ అమ్మాయిలతో కబుర్లు చెబుతూ ముందు నడుస్తోంటే, ఆనంద్ పాల్ వెనకాల కుంటుకుంటూ బయల్దేరాడు. మాస్టారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"పొద్దున కుడికాలన్నావు. ఇప్పుడు ఎడమది కుంటుతున్నావు" అన్నారు చెవిలో. "కాలు మార్చకూడదు బాబూ. నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి."