గంట దారిలో ఉన్న వెల్డరు

కరోనా తగ్గి, ఆగిన పనులన్నీ మళ్ళీ ఊపందుకున్న ఏడాది వేసవిలో నన్ను దామరచర్ల వైపు థర్మల్ కేంద్రం పనులకు వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మాది కోదాడ. ఉద్యోగమంతా దేశం నాలుగు మూలలా బాయిలర్ల చుట్టూ తిరిగి, చివరికి ఇంటికి ఇంత దగ్గరగా రావడం నాకు సంతోషంగానే ఉండింది. మిర్యాలగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

సబ్ కాంట్రాక్టరు తెచ్చిన వెల్డర్లకు పరీక్ష పెట్టడం నా పని. బాయిలర్ గొట్టాల్లో ఆవిరి విపరీతమైన ఒత్తిడితో పోతుంది కనుక అక్కడ అతుకు వేసే మనిషిని ఊరికే నమ్మరు. ఒక గొట్టాన్ని ఏటవాలుగా బిగించి పెడతాం. దాన్ని కదపకూడదు. వెల్డరే దాని చుట్టూ వంగి, కూర్చుని, అవసరమైతే పడుకుని అతుకు పూర్తి చేయాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తాం. నెగ్గినవాడికి ఒక నంబరు ఇస్తాం. అతను వేసిన ప్రతి అతుకు పక్కనా ఆ నంబరు ఉంటుంది. రేపు ఎక్కడైనా నీరు కారితే ఎవరి పనో వెతుక్కోనక్కర్లేదు.

పరీక్షకు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ బీహార్, జార్ఖండ్ వాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాడు వేములపల్లి ఊరి సైదులు ఒక్కడే. ముప్పై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. మేనమామ ఐటీఐ చదివించాడట. అతని ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు పెట్టి రెండుసార్లు చూశాను, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా సబ్ కాంట్రాక్టరు తరఫు సైట్ ఇన్‌చార్జి మూర్తిగారు తల అడ్డంగా ఊపారు.

“లోకల్ వాళ్ళు వద్దండీ. నాట్లొస్తే వెళ్తారు, పెళ్ళొస్తే వెళ్తారు, చావొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. బీహార్ నుంచి వచ్చినవాడు ఎక్కడికి పోతాడు చెప్పండి?”

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టుంది వ్యవహారం. నాకు ఒళ్ళు మండింది. నా మాట మీద తీసుకోమన్నాను, అయిష్టంగానే తీసుకున్నారు. సైదులుకు కావలసింది కూడా అదే. భార్య రమణ మిర్యాలగూడలో కుట్టు మిషన్ల షాపు పెట్టుకుంది, రోజూ వచ్చి పోతుంది. ఇంట్లో ఉండి పని చేసుకోవాలన్నది తప్ప అతనికి వేరే ఆశ లేదు. గల్ఫ్‌కు పంపే ఏజెంట్లు ఊళ్ళో తిరుగుతున్నా పాస్‌పోర్టు బయటికి తీయలేదు.

కొన్ని నెలలకు హైడ్రో టెస్టు వచ్చింది. బాయిలర్ గొట్టాలన్నీ నీటితో నింపి, నడిచేటప్పటి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి, అతుకులన్నీ ఒక్కొక్కటిగా చూసే పరీక్ష అది. ఎక్కడ చెమ్మ కనబడినా వెంటనే సరిచేయాలి. అందుకని మంచి వెల్డర్లు దగ్గరే ఉండాలి. ఆ రోజు రెండు చోట్ల కారింది. ఒత్తిడి దించి, కోసి, మళ్ళీ అతికింది సైదులే. అవి అతను వేసిన అతుకులు కావు.

సాయంత్రం టెస్టు నెగ్గి అందరూ మిఠాయి పంచుకుంటుంటే అతను హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఇనప మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఏమైందని అడిగాను.

“పొద్దుగాల నన్ను సదివిచ్చిన మా మామ సచ్చిపోయిండు సార్. ఇప్పటికి మట్టి గూడ జేసుంటరు.”

వేములపల్లి అక్కడికి బండి మీద గంట దారి. మరి వెళ్ళలేదేమన్నాను.

“పోతె లోకలోళ్ళు గింతే అంటరు గద సార్. నన్ను పెట్టుకొమ్మన్న మీ మాట ఏమైతది?”

నేను అతని పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. సంగతి తెలిసి మూర్తిగారు మాత్రం తెగ మెచ్చుకున్నారు. ఇలాంటి లోకల్ వాళ్ళుంటే ఇంకొందరిని పంపమన్నారు కూడా.

పదకొండో రోజు సైదులు మామ ఇంటికి వెళ్ళాడు. బంతిలో కూర్చున్నాక, కులపెద్ద యాదయ్య అందరూ వినేటట్టు అన్నాడట: “పాడె మొయ్యరానోడు బువ్వకైతే యాళ్లకొచ్చిండు.” సైదులు విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఆ తర్వాత ఊళ్ళో అతన్ని ఏ శుభకార్యానికీ పిలవలేదు. రమణ షాపుకు వచ్చిన ఆడవాళ్ళు కూడా ఆ మాట ఎత్తకుండా పోలేదు.

రెండు నెలలకు నా గదికి వచ్చాడు. ఒమన్‌లో కొత్త విద్యుత్ కేంద్రం కడుతున్నారు, అక్కడ పని దొరికిందన్నాడు. లెక్క వేసి చూశాను. ఏజెంటు ఖర్చులు, తిండి పోతే ఇక్కడికంటే గొప్పగా మిగిలేది ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను.

“పైసల కోసం గాదు సార్. గాడ ఉండి సావుకు రాకున్నా ఎవ్వలేమనరు. దూరముండె, ఏం జేస్తడు పాపం, అంటరు. గంట దారిల ఉండి రాకపోతేనే పాపమైతది.”

వెళ్ళిపోయాడు. అతని స్థానంలోకి జార్ఖండ్ మనిషి వచ్చాడు. అతని అన్న ఊళ్ళో పోయిన రోజు కూడా అతను డ్యూటీ చేశాడు. వాళ్ళ ఊరివాళ్ళు తప్పుపట్టారా అని అడిగితే, నా ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. దూరముంటే ఎవరూ ఏమీ అనరన్న సైదులు మాట నాకూ వర్తిస్తుందని అప్పుడు తట్టింది. మా వాళ్ళ చావులకు నేను ఎన్నింటికి వెళ్ళాను కనుక? కోదాడలో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

నేను రిటైరయ్యాక సైదులు పెదనాన్న పోయాడు. “నా తరఫున మీరు పోయి కూసోండి సార్” అని ఒమన్ నుంచి ఫోన్ చేశాడు. వెళ్ళాను. రమణ ఫోన్‌లో అతన్ని చూపిస్తుంటే, అదే యాదయ్య ఫోన్ అందుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

“నువ్వేం జేస్తవ్ బిడ్డా, గంత దూరముంటివి. మనసుల బెట్టుకోకు.”

సైదులు తల వంచుకున్నాడు. నాకు కోపమూ వచ్చింది, యాదయ్య మీద జాలీ వేసింది.

ఇంటి దగ్గర పని ఉండగా మనుషులు దూర దేశాలకు ఎందుకు తరలిపోతారని నన్ను అడిగేవాళ్ళకు జీతం గురించే చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు కానీ పూర్తిగా నిజమూ కాదు. పనికి కావలసిన మనిషి ఊరికి సమయానికి రాలేడు, వచ్చే మనిషిని పని ఉంచుకోదు. ఊరు క్షమించాలంటే కొంత దూరం కావాలి. వేములపల్లికీ దామరచర్లకూ మధ్య అంత దూరం లేదు.