దుమ్ముగూడెం మెషిన్‌కు భద్రాచలం అంకెలు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో నన్ను బయోమెడికల్ ఇంజినీరుగా భద్రాచలం వైపు వేశారు. సర్కారు దవాఖానాల్లో మెషిన్లు పాడైతే బాగుచేయించడం నా పని. కంపెనీలను బతిమాలడమే అందులో సగం.

దుమ్ముగూడెంలో రక్తకణాలు లెక్కపెట్టే మెషిన్ కరెంటు దెబ్బకు ఆగిపోయింది. కొత్త సర్క్యూట్ బోర్డు రావడానికి మూడు వారాలు పడుతుందని కంపెనీ చెప్పింది. ఐదు రోజుల జ్వరంతో సోమయ్య అనే రైతు వరండాలో బల్ల మీద పడుకొని ఉన్నాడు. అలాంటివాళ్లు ఇంకా పదిమంది, అంబులెన్సు ఒక్కటే. ప్లేట్‌లెట్లు ఎన్నో తెలిస్తేనే ఎవరిని భద్రాచలం పంపాలో డాక్టరుగారు తేల్చగలరు. సాయంత్రానికి గోదావరి రోడ్డెక్కేలా ఉంది.

మెషిన్ ఏం చేయాలో బోర్డు మీదున్న గోరంత ఫ్లాష్ చిప్‌లో రాసి ఉంటుంది. అది చెడిందని నా అనుమానం. అలాంటి చిప్పులను చదివి, చెరిపి, తిరిగి రాసే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నా లాప్‌టాప్‌లో ఉండేది. చిప్ కాళ్లకు క్లిప్పు తగిలించి ముందు రెండుసార్లు చదవాలి. రెండు కాపీలూ కలిస్తేనే దాచిపెట్టి, తర్వాత చెరపాలి. మొదట కలవలేదు. కాళ్లు స్పిరిట్‌తో తుడిచాక కలిశాయి. భద్రాచలంలోని అదే మోడల్ మెషిన్ నుంచి తీసుకొచ్చిన కాపీని ఎక్కించాను. మెషిన్ ఆన్ అయింది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

సర్వీసు ఫారం ఇస్తే ల్యాబ్ టెక్నీషియన్ రెహానా సంతకం పెట్టలేదు. ఖమ్మంలో వాళ్ల నాన్నది వాచీల రిపేరు దుకాణం. ఆ పట్టుదల అక్కడిదే కావచ్చు. విలువ ముందే తెలిసిన రక్తం సీసాను కంట్రోల్ అంటాం. దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి నడిపింది.

"ప్లేట్‌లెట్లు మస్తు ఎక్కువ చూపిస్తున్నది సార్. గిట్లయితే రిపోర్టు ఇయ్యలేను."

"మెషిన్ నడుస్తున్నది గదమ్మా."

"నడుస్తున్నది సార్. గని తప్పు చెప్తున్నది."

ముందు చిరాకు పుట్టింది, తర్వాత సిగ్గేసింది. కొలత సరిచేసే అంకెలు ఏ మెషిన్‌వి దానికే వేరు. అవీ ఆ చిప్పులోనే ఉంటాయి. నేను భద్రాచలం అంకెలు తెచ్చి దుమ్ముగూడెం మెషిన్‌లో పెట్టాను. అదృష్టం కొద్దీ, దాచిన పాత కాపీలో ఆ భాగం చెడలేదు. అదొక్కటే కొత్త కాపీలో చేర్చి మళ్లీ రాశాను. ఈసారి కంట్రోల్ సరిపోయింది.

అప్పుడు రెహానా సోమయ్య రక్తం పెట్టింది. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ. అంబులెన్సులో ముందు అతన్నే ఎక్కించారు. అది వెళ్లిన గంటకు రోడ్డు మూసేశారు.

రెహానా నా మాట విని ఉంటే సోమయ్య ఆ బల్ల మీదే ఉండిపోయేవాడు. మా ఫారంలో 'మెషిన్ పనిచేస్తోంది' అన్న గడి ఉంది, 'సరిగ్గా చెబుతోంది' అన్న గడి లేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కంట్రోల్ రీడింగు ఫారం మీద చేత్తో రాసి, ల్యాబ్‌వాళ్లు సంతకం చేశాకే నేను చేశాను.